గుండ్రటి హాల్లో గుసగుసల దాలయ్య

దాలయ్య పోర్టులో కలాసీ. డ్యూటీ దిగాక నాటకాలకు ప్రాంప్టరు. తెర పక్కన నక్కి వేషధారులకు మాట అందించడం ఆయన విద్య. రాజు వేషం కట్టే సత్యానికి గొంతు కంచుగంట, జ్ఞాపకం మాత్రం చిల్లుల వల. దాలయ్య ఏది అందిస్తే అదే పలికేవాడు. అర్థం చూసుకునే అలవాటు లేదు.

డెబ్బై ఎనిమిదిలో పాతపట్నంలో గుండ్రటి హాలు లేచింది. మైకులు లేని రోజుల్లో ఎవరో నాటకశాల కోసమని గీయించి, కట్టలేక వదిలేసిన నమూనా అది. కార్మిక సంఘం వాళ్లు దాని దుమ్ము దులిపి, గోడ వంపు అంగుళం కూడా మార్చకుండా కట్టించారు.

మొదటి రిహార్సల్లోనే గుట్టు రట్టయింది. తెర పక్కన గోడవార దాలయ్య గుసగుసలాడితే, ఆ మాట వంపు వెంట పాకుతూ పోయి చివరి వరసలో వినిపించింది. రాజుగారి శపథం రాజుకంటే ముందే జనానికి తెలిసిపోతోంది. నాటకం ఆడించే త్రినాథరావు తల పట్టుకుని, ఈ హాల్లో ప్రాంప్టరు వద్దన్నాడు. అంతా నోటికొచ్చేసిందని సత్యం ఒట్టేశాడు. దాలయ్యకు అన్నం సహించలేదు. ఓడ దగ్గర బస్తాలు ఎవరైనా మోస్తారు. తనదంటూ ఉన్న పని ఇదొక్కటే.

నాటకం రోజు భార్య కాంతంతో వచ్చి చివరి వరసలో గోడ పక్కన కూర్చున్నాడు. ఒళ్లో పసిపాప. దానికి జలుబు. ఊపిరి ఆడుతోందా లేదా అని మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాడు.

శత్రురాజు పంపిన దూత ప్రవేశించాడు. సత్యం కత్తి దూసి నోరు తెరిచాడు. మాట రాలేదు. దాలయ్య పెదవులు వాటంతటవే కదిలాయి. మాట వెళ్లిన దారే తిరిగొచ్చే దారి కూడా. గుసగుస గోడ పట్టుకుని వేదిక దాకా నడిచింది. సత్యం మెల్లగా జరిగి గోడకు ఆనుకున్నాడు. ఇక అక్కణ్ణించి కదిలితే ఒట్టు. రాజుగారికి నడుంనొప్పి కాబోలనుకున్నారు మధ్య వరసల వాళ్లు. గోడవార కూర్చున్నవాళ్లు మాత్రం ప్రతి మాటా రెండేసిసార్లు విన్నారు.

అంతలో పాప లేచి మూతి వంకర తిప్పింది. దాలయ్య కంగారుగా దాని చెవిలో ఏదో అన్నాడు. వేదిక మీద రాజు, దూత గుండెకు కత్తి గురిపెట్టి గర్జించాడు:

"ఊరుకో నాన్నా. అమ్మ పాలిత్తాది."

హాలు విరగబడి నవ్వింది. దూత పాత్రధారి తేరుకోవడానికి తెర దించాల్సి వచ్చింది.

నాటకం అయ్యాక త్రినాథరావు నేరుగా చివరి వరసకు వచ్చాడు. తన పని అయిపోయిందనుకుని దాలయ్య తల దించుకున్నాడు.

"రేపట్నించి ఈ కుర్చీ నీదే బావా. పిల్లని మాత్రం ఇంటికాడ ఒగ్గీసి రా."

కాంతం పాపను భుజానికెత్తుకుంది. "పిల్ల రాకపోతే ఈయనా రాడు బాబూ."

త్రినాథరావు కాసేపు గడ్డం గోక్కున్నాడు. వచ్చే నాటకంలో రాజుకు ఉయ్యాల్లో ఓ కూతురు ఉన్నట్టు రాయిస్తానన్నాడు.