డబ్బాలో మిగిలిన నీళ్లు

మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటారు. మా నాయిన ఆ బాయిలోనే పైకప్పు కూలి చనిపోయాడు. ఆయన కొలువు నాకిచ్చారు. డెబ్బయ్యో దశకం మొదట్లో సంగతి. అప్పట్లో నాకు పని రాదు గానీ కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది.

వానాకాలంలో బాయి ముందర వేపమొక్కలు నాటారు. ఎండాకాలం వచ్చేసరికి పట్టించుకున్నవాడు లేడు. షిఫ్టు దిగి పైకొచ్చాక డబ్బాల్లో మిగిలిన తాగునీళ్లు కాళ్ల మీద కుమ్మరించుకునేవాళ్లం. మా గుంపుకు పెద్ద సర్దార్ కాక. "గవి మొక్కలకు పొయ్యుండ్రిరా, రేపు మీకే నీడయితది" అని నోరు నొప్పి పుట్టేలా చెప్పేవాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. రెండు రోజులు పోసి మరిచిపోయేవాళ్లం.

ఒకరోజు ఆయన మాట మార్చాడు. "బాయిల పానం పోయినోళ్లకు దూప ఆరదంట. మిగిలిన నీళ్లు పైకొచ్చి చెట్టుకు పోస్తె వాళ్లకు ముడ్తయంట."

ఇక చూడాలి! దూప అంటే దాహం. బాయిలో మనిషిని పోగొట్టుకోని ఇల్లు మా దగ్గర తక్కువ. మొక్క దగ్గర డబ్బా వంచకుండా ఎవడూ ఇంటికి పోలేదు. అమ్మకు చెబితే కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నాయినకు జర ఎక్కువనే మిగుల్చు బిడ్డా" అంది. ఆనాటి నుంచి గడపలోనే అడిగేది, నీళ్లు పోసినవా అని.

మొదట సగం మిగిల్చాను, తర్వాత ముప్పావు. ఒకరోజు మూతే తీయలేదు. లోపల గాలి ఆడదు, ఒళ్లంతా చెమట. బొగ్గు తట్ట ఎత్తబోయి కూలబడ్డాను. పని ఆపి, నన్ను పట్టాల మీద నడిచే బొగ్గు టబ్బులో పడేసి పైకి తెచ్చారు. కళ్లు తెరిస్తే చుట్టూ రెండో షిఫ్టు వాళ్లు. పక్కన నా డబ్బా, నిండుగా నీళ్లు. ఎవడో కిసుక్కున నవ్వాడు. నీళ్లు పెట్టుకుని దాహంతో పడిపోయినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

"ఎందుకు తాగలే?" అన్నాడు సర్దార్ కాక.

"నాయినకు" అన్నాను.

బొగ్గు మసి కింద కూడా ఆయన మొహం వాడిపోవడం కనబడింది. "గది నేను అల్లిన మాటరా. మొక్కలు బతకాలెనని చెప్పిన. సచ్చినోళ్ల పేరు వాడుకున్న, నాకు బుద్ధి లేదు."

నాకు కోపం రావాలి. రాలేదు. అంతమందిలో నాయిన పేరు పోయినట్టనిపించి తల ఎత్తలేకపోయాను.

మర్నాడు మోసపోయామన్న ఉక్రోషం కొద్దీ ఎవరూ మొక్కల వైపు పోలేదు. నీళ్లు మళ్లీ కాళ్ల మీదికే. నేనూ ఖాళీ డబ్బా ఊపుకుంటూ ఇల్లు చేరాను. ముందురోజు నాకు వడదెబ్బ తగిలిందని మాత్రమే అమ్మకు తెలుసు, కాక మాట అల్లినదని తెలియదు.

"ఇయ్యాల నాయినకు నీళ్లు పోసినవా?"

నిజం నాలుక దాకా వచ్చింది. ఆమె మొహం చూసి "పోసిన" అన్నాను. ఆమె తృప్తిగా అన్నం వడ్డించింది.

తెల్లారి డ్యూటీలో కడుపు నిండా తాగాను. అడుగున మిగిలిన గుక్కెడు తెచ్చి, అందరూ చూస్తుండగానే మొక్కకు పోశాను. "ఇంకా నమ్ముతున్నవా రా?" అని నవ్వారు. అమ్మతో ఆడిన అబద్ధాన్ని నిజం చేసుకుంటున్నానని ఎలా చెప్పను? ఆమె రోజూ అడిగేది, నేను రోజూ పోసేవాణ్ణి. కొన్నాళ్లకు సర్దార్ కాక నా పక్కన నిలబడ్డాడు. "ముందుగాల నువ్వు తాగినవా?" అని అడిగి, తాగానన్నాకే తన డబ్బా వంచాడు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ఈసారి ఎవరూ మానలేదు.

కొన్నేళ్లకు వేప పెరిగింది. ఒకసారి నేనూ సర్దార్ కాకా దాని కింద కూర్చుంటే, అమ్మ సద్ది తెచ్చి ఆ నీడలో నిలబడింది. మొదలును చేత్తో తడిమి, పైకి చూసింది.

"మీ నాయిన దూప ఆరినట్టేరా" అంది.

"ఆరింది" అన్నాను. సర్దార్ కాకా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం.