మహేందర్ ముందు చక్రం

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియకపోవడమే మేలు. ఒక్క మాటను ఏళ్ల తరబడి మోశాను. గొంతులో వెలక్కాయలా అడ్డం పడి ఉండేది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇంగ్లండ్‌లో, పోలండ్‌లో జనం నా పేరు అరిచి చప్పట్లు కొట్టినప్పుడల్లా అది లోపల కదిలేది. చిన్న మాటే. "తగిలింది" అన్నాను. అంతే.

నేను స్పీడ్‌వే రేసర్ని. అంటే, ఒకప్పుడు. తెలియనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. గుండ్రటి మట్టి ట్రాక్ మీద నలుగురు మోటార్‌సైకిళ్లతో నాలుగు చుట్లు తిరుగుతారు. బండికి బ్రేకులుండవు. స్టార్టరూ ఉండదు, వెనక నుంచి ఎవరో ఒకరు తోస్తేనే ఇంజన్ అందుకుంటుంది. మలుపులో వెనక చక్రాన్ని కావాలనే జారనిచ్చి, ఎడమ కాలు నేలకానించి తిప్పాలి. మా అమ్మకు ఫోన్లో ఇదంతా చెబితే, "బ్రేకుల్లేని బండి ఎవడు ఎక్కుతాడ్రా, నీకేమన్నా మతిపోయిందా?" అంది. పోయింది మరి.

కెనడాలో, వాటర్లూలో చదువుకునే రోజుల్లో నేనూ మహేందరూ ఒకే బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వాడిది కరీంనగర్, నాది తెనాలి. వీకెండ్ పార్ట్‌టైమ్ పని దొరికిందని ఊరి బయట ఒక చిన్న ట్రాక్‌కి వెళ్లాం, మట్టి చదును చేయడానికి, గేటు దగ్గర టికెట్లు చింపడానికి. ఒకరోజు ముసలి రేసర్ ఒకాయన తన పాత బండి ఇచ్చి, ఒక చుట్టు తిరిగి రండి చూద్దాం అన్నాడు. ఇంక ఇద్దరికీ పిచ్చి పట్టింది. పాత బండ్లు కొన్నాం. మిగతావాళ్ల బండ్లు తోయడానికి నాన్నలూ అన్నదమ్ములూ వచ్చేవారు. మాకెవరున్నారు? వాడి బండిని నేను తోసేవాణ్ణి, నా బండిని వాడు. ఇద్దరం ఒకే రేసులో ఉంటే పక్కవాళ్లను బతిమాలుకునేవాళ్లం. నిజం చెప్పాలంటే వాడు నాకన్నా బాగా నడిపేవాడు. ఈ సంగతి కూడా నేనెప్పుడూ పైకి అనలేదు.

ఒక వేసవిలో ఇంగ్లండ్ నుంచి ఒక క్లబ్ మేనేజర్ వచ్చాడు. ఆఖరి రేసు గెలిచినవాణ్ణి తన జట్టుకు తీసుకెళతానన్నాడు. ఒక్కణ్ణే. ఆ నలుగురిలో మేమిద్దరం ఉన్నాం.

మూడో చుట్టులో నేను ముందున్నాను. వాడు నా వెనకే, లోపలి వైపు. వాడి ఇంజన్ చప్పుడు నా వీపు మీదే వినిపిస్తోంది. కంగారుపడ్డాను. మలుపులో యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పేశాను. వెనక చక్రం గిర్రున తిరిగిపోయింది, నేను కింద పడ్డాను. నా తప్పే, అచ్చంగా నా తప్పే. మహేందర్‌కి పక్కకు దారి లేదు, ఆపడానికి బ్రేకు లేదు. తిన్నగా వస్తే నా మీదుగా పోవాలి. వాడేం చేశాడో తెలుసా? నడుస్తున్న బండిని నేల మీద పడుకోబెట్టేశాడు. కావాలని పడ్డాడు. మట్టిలో జారుకుంటూ వచ్చి నాకు జానెడు దూరంలో ఆగాడు.

రేసు ఆపారు. మా ఆటలో రూలేమిటంటే, రేసు ఎవడి వల్ల ఆగిందో వాడు బయటికి పోవాలి, మిగతావాళ్లతో మళ్లీ మొదలుపెడతారు. దుమ్ములో రిఫరీకి సరిగా కనిపించలేదు. దిగివచ్చి నన్ను అడిగాడు. నేను భుజం పట్టుకుని మహేందర్ బండి వైపు చూపించాను. వాడి ముందు చక్రం నా వెనక చక్రానికి తగిలిందన్నాను. రిఫరీ వాణ్ణి రేసు నుంచి తీసేశాడు. నొప్పి వల్ల అలా అన్నానా? భయం వల్లనా? ఈ ప్రశ్నను ఇన్నేళ్లూ అటూ ఇటూ తిప్పి, నాకు అనుకూలమైన జవాబు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వెతికి, ఏ పూటకాపూట ఏదో ఒకటి సర్దిచెప్పుకుని బతికాను. ఏమీ లేదు. నాకు ఇంగ్లండ్ కావాలి. అందుకే అన్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. రిఫరీల దగ్గర బొంకేవాళ్లు మా ఆటలో చాలామందే ఉన్నారు. తర్వాత షెడ్డులో మహేందర్ హెల్మెట్ తీసి నా దగ్గరికి వచ్చాడు. ముఖం నిండా మట్టి.

"నా చక్రం నీకు తగిలిందారా? నాకైతే ఏం తెల్వలే. నిజం చెప్పు."

పక్కన ఎవరూ లేరు. అడుగుతున్నది వాడు. అప్పుడైనా నోరు తెరవొచ్చు కదా?

"తగిలిందిరా," అన్నాను.

"అయ్యో, సారీ రా. దెబ్బ గట్టిగ తాకిందా? నడువ్, బండెక్కు. నేను నూకుత."

నా భుజానికి గుడ్డ బిగించి కట్టింది వాడే. నా బండిని వెనక నుంచి తోసింది వాడే. ఇంజన్ అందుకున్నాక నేను వెనక్కి తిరిగి చూడలేదు. గెలిచాను. భుజం ఎముక చిట్లిందని తర్వాత ఎక్స్‌రేలో తేలింది.

మహేందర్ మళ్లీ బండెక్కలేదు. ఎందుకురా అని అడిగితే, "మళ్ల ఎవన్నన్న గుద్దితే?" అన్నాడు. బండి అమ్మేసి మార్కమ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరాడు. నేను ఊరు కాని ఊళ్లలో, భాష రాని హోటల్ గదుల్లో, వాడు ఉండాల్సిన చోట కొన్నేళ్లు ఉన్నాను. ప్రతి రేసుకూ ఎవరో కొత్తవాడు జీతానికి నా బండి తోసేవాడు.

ఇప్పుడు మళ్లీ కెనడాలోనే, రెజైనాలో ఉంటున్నాను. మంచు మీద నడిపే బండ్లు, స్నోమొబైల్స్, రిపేరు చేసే షాపులో పని. ఒంటరిగాణ్ణి. ఇక్కడి తెలుగువాళ్లు పండగలకు పిలుస్తారు. వెళితే రేసుల కబుర్లు చెప్పమంటారు, అందుకని వెళ్లను. ప్రతి ఏడూ మొదటి గట్టి చలి పడగానే మహేందర్ ఫోన్ చేసేవాడు. ఎప్పుడూ ఒకటే అడిగేవాడు, భుజం గుంజుతోందా అని. అది తను విరగ్గొట్టిన భుజమనే వాడి బాధ. కొంచెం గుంజుతోందిరా అనేవాణ్ణి. ఛీ, నొప్పి గురించి మాత్రం నిజమే చెప్పేవాణ్ణి!

పోయిన చలికాలం వాడు అలా అడగ్గానే నాకేమైందో తెలియదు. తగల్లేదురా, నేనే పడ్డాను, నువ్వు పడింది నన్ను బతికించడానికి అని గడగడా చెప్పేశాను. వెనక వాడి కూతురు ఇంగ్లిష్‌లో ఏదో అడుగుతోంది. తర్వాత ఫోన్ పెట్టేశాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఈ ఏడు చలి ముందే వచ్చింది. ఫోన్ రాలేదు. వస్తుందని ఎదురుచూసే ముఖం కూడా నాకు లేదు. మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు, వాడు బండి నడపాల్సిన ఏళ్లను నేనెక్కణ్ణుంచి తెచ్చి ఇస్తాను? కానీ చెప్పినప్పటి నుంచి గొంతులో అడ్డం లేదు. ఇందాక షాపు మూసి ఇంటికొచ్చాను. భుజం బాగా గుంజుతోంది. ఎలా ఉందని అడిగేవాళ్లు లేరు. ఇన్నాళ్లూ ఈ నొప్పి మా ఇద్దరిదీ. ఇప్పుడు నా ఒక్కడిదే.