పక్కింటావిడ కుట్టిన అట్టలు

పోయిన నెలలో మా సోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గరి ఒక కాలేజీ వాళ్ళు, కంప్యూటర్ చదువుకునే పిల్లలకు పాతకాలపు ముచ్చట్లు చెప్పమని నన్ను పిలిచారు. పిలిపించింది మా అక్క మనవరాలు, అక్కడే చదువుతోంది. బతుకంతా న్యూమరికల్ మెథడ్స్ పాఠాలు చెప్పి రిటైరైన దాన్ని, చేతికి మైకు ఇస్తే ఇంకేముంది, కోతికి కొబ్బరి చిప్ప దొరికినట్టే. అట్టముక్కల మీద రంధ్రాలు పొడిచి కంప్యూటరుకు లెక్క చెప్పుకున్న రోజుల గురించి, ఒక్క సమీకరణం కోసం పుణె దాకా రైలెక్కిన రోజుల గురించి సగం మరాఠీలో సగం తెలుగులో దంచేశాను. ఆఖర్న, క్లాసులో ప్రతి ఏడూ చెప్పి నవ్వించే ఆ పక్కింటావిడ కథ కూడా అలవాటు కొద్దీ చెప్పేశాను. హాలు హాలంతా గొల్లుమంది. మనవరాలు తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టిన మా అక్క కూడా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరితో పాటు నవ్వింది. ఆమె అక్కడ ఉన్న సంగతి నోట్లోంచి కథ సగం వెళ్ళాక గుర్తొచ్చింది నాకు, నా నోరు పడిపోను.

అప్పటినుంచి అన్నం ముందు కూర్చున్నా ఆ నవ్వే కనిపిస్తోంది. ఈ పత్రిక చదివే మీరంతా నా ఈడు వాళ్ళు, మీకైతే చెప్పుకోవచ్చనిపించి రాస్తున్నాను.

మా పుట్టిల్లు దాజీ పేట్‌లో. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పనికని వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం మాది. నాయన చద్దర్ల కార్ఖానాలో జకార్డు మగ్గం మీద పనిచేసేవాడు, అమ్మ గడపలో కూర్చుని బీడీలు చుట్టేది, అక్కేమో అట్టలు కుట్టేది. సోలాపూర్ చద్దరు మీద నెమళ్ళూ పూలూ ఎలా వస్తాయో చాలామందికి తెలియదు. ఒక్కొక్క అడ్డపోగుకు ఒక్కొక్క అట్ట ఉంటుంది. అట్టలో రంధ్రం ఉన్న చోట నిలువుపోగు లేస్తుంది, లేని చోట లేవదు, అంతే కిటుకు. ఒక నెమలికి గంపెడు అట్టలు కావాలి. అవి వరస తప్పకుండా ఉండాలని పక్కపక్కన పేర్చి గట్టి దారంతో గొలుసులా కుడతారు, చివరి అట్టను మళ్ళీ మొదటి దానికి కలిపేస్తారు. ఒక్క అట్ట అటూ ఇటూ అయితే నెమలి మెడ తోక దగ్గర మొలుస్తుంది, కార్ఖానా యజమాని నోటికొచ్చినట్టు తిడతాడు. మా అక్క కుట్టిన అట్టల్లో వరస తప్పిందన్న మాట ఆ పేట్‌లో ఎవరూ ఎరగరు. ఆ పని కోసమే ఆమె రెండో తరగతితో బడి మానేసింది. మానేసింది అని ఇప్పటికీ తేలిగ్గా రాసేస్తున్నాను, మాన్పించారు. ఇద్దరిలో ఒకతెను చదివించగలమని నాయన అన్నప్పుడు, చిన్నదానికి లెక్కలు బాగా వస్తాయి దాన్నే చదివించమని ఆమే అన్నదట. నాకా వయసులో ఆ సంగతి తెలియదు, తెలిశాక కూడా దాని బరువు తెలియదు.

అలా నేను లెక్కలతో ఎమ్మెస్సీ దాకా వెళ్ళాను. ఆ చివరి ఏడు మా సారు మాకు కొత్తగా ఒక పాఠం మొదలుపెట్టారు. తెలియని సంఖ్యలు బోలెడు ఉండి, వాటిని ముడివేసే సమీకరణాలు కూడా అన్నే ఉన్నప్పుడు, జవాబును సూటిగా పట్టుకోలేక ముందుగా ఏదో ఒక ఊహ వేసుకుంటాం. ఆ ఊహను మొదటి సమీకరణంలో పెట్టి ఒక విలువను సరిచేస్తాం, సరిచేసిన దాన్ని వెంటనే రెండోదాంట్లో వాడి ఇంకో విలువను సరిచేస్తాం, అలా చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వస్తాం. తిరిగిన కొద్దీ విలువలు కదలడం తగ్గుతుంది. ఇక కదలనప్పుడు అదే జవాబు. గాస్-సైడెల్ పద్ధతి అంటారు. డిపార్ట్‌మెంటులో చేత్తో హ్యాండిల్ తిప్పే లెక్కల యంత్రం ఒకటి ఉండేది, దాని మీద నాలుగు సమీకరణాలు తేల్చేసరికి భుజం పడిపోయేది. అందరూ విసుక్కునేవాళ్ళు గానీ నాకు ఆ పద్ధతంటే వెర్రి ఇష్టం. తప్పుతో మొదలుపెట్టినా ఫరవాలేదు, సరిచేసుకుంటూ పోతే చాలు అనే చదువు ఇంకెక్కడుంది చెప్పండి? అన్ని సమీకరణాలూ అలా కుదిరి రావనీ, కొన్ని తిరిగిన కొద్దీ జవాబుకు దూరంగా పరుగెత్తుతాయనీ కూడా సారు చెప్పారు, ఆ ముక్క నేను పరీక్ష కోసమే చదివాను.

సారు ఎవరెవరినో బతిమాలి పుణెలోని ఒక కంప్యూటర్ మీద మా లెక్కలు నడపడానికి అనుమతి సంపాదించారు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఫోర్ట్రాన్‌లో రాసుకున్న ప్రోగ్రామును అక్కడి యంత్రం మీద కార్డులుగా పొడిపించుకుని ఇంటికి తెచ్చుకున్నాం, తప్పులు చూసుకుని మళ్ళీ వెళ్ళినప్పుడు నడిపించాలని. ఒక్కొక్క వాక్యానికి ఒక్కొక్క కార్డు. రబ్బరు బ్యాండు వేసిన ఆ కట్టను చూడగానే మా అక్క ముఖం వెలిగిపోయింది.

“అగో, ఇవి మన అట్టలే గదనే చెల్లె! మరి వీటితోని ఏం బట్ట నేస్తరు?”

లెక్కలు చేస్తారే అన్నాను. లెక్కలు నేస్తరా అని ఆశ్చర్యపోయి, ఒక్కొక్క కార్డునూ వెలుతురుకు పట్టి రంధ్రాల్లోంచి చూసి, చిన్న చిన్న రంధ్రాలు భలే పొడిచారే అని మెచ్చుకుంది. నా చదువు గురించి ఆమె అన్నేళ్ళలో అంత సంతోషంగా మాట్లాడింది అదే మొదటిసారి. నేను చదివేది ఆమెకు ఏదో తెలియని లోకం, ఆ రోజు ఆ లోకంలో ఆమెకు తెలిసిన వస్తువు ఒకటి కనిపించింది. ఆ కాస్త కనిపెట్టే తెలివి నాకు అప్పుడు ఉండి ఉంటే!

మర్నాడు పొద్దునే మళ్ళీ పుణె రైలు. ఆ రోజు మధ్యాహ్నం నేను సారు ఇంటికి వెళ్ళి వచ్చేసరికి అక్క గడపలో కూర్చుని, నవ్వుతూ, నా కార్డులను గొలుసులా ఎత్తి చూపించింది. ఉన్న రంధ్రాల్లో ఒక్కదాన్నీ ముట్టకుండా, రెండు అంచుల్లో ఖాళీ చూసుకుని దబ్బనంతో పొడిచి, కార్ఖానా దారంతో కుట్టేసింది. చివరి కార్డును తెచ్చి మొదటి కార్డుకు కలిపేసింది కూడా.

“రైల్ల జారి పడితె వరస పోతది గదనే. ఇప్పుడు ఎట్ల పడ్డా ఏం గాదు, బిన్‌దాస్ పో.”

రంధ్రాన్నే అక్షరంగా చదివే యంత్రానికి ఆమె పొడిచిన ప్రతి రంధ్రమూ అర్థంలేని కూతే. పైగా అంచు చిరిగిన కార్డు యంత్రంలో ఇరుక్కుంటుంది. నిజానికి కట్ట జారిపోతుందన్న భయం మా అందరికీ ఉండేది, అందుకే కొందరు వరస తప్పితే తెలిసేలా కట్ట పైన పెన్నుతో ఏటవాలుగా గీత గీసుకునేవారు. ఆమెకూ అదే భయం పట్టుకుంది, ఆమెకు తెలిసిన మందు ఆమె వేసింది. అదేమీ నా బుర్రకు ఎక్కలేదు. ఒళ్ళు తెలియని కోపంతో, బీడీలు చుట్టడానికి అమ్మ దగ్గరికి వచ్చిన ఆడవాళ్ళందరూ వింటుండగా అరిచాను.

“చదువు రానోళ్ళు చదువు జోలికి ఎందుకొస్తరు?”

ఆ మాట ఎవరి దయతో చదువుకున్న నోటి నుంచి వచ్చిందో చూడండి. అక్క దారం తెంపింది. లోపలికి వెళ్ళి మైదా ఉడకబెట్టి తెచ్చుకుని, కాగితపు బొట్లు కత్తిరించి, తాను పొడిచిన రంధ్రాల మీద ఒక్కొక్కటే అంటించడం మొదలుపెట్టింది. జకార్డు అట్టలో రంధ్రం తప్పు పడితే సరిదిద్దే పద్ధతి అదే. ఆ తడికి కార్డులు ఉబ్బి వంకర పోతున్నాయని కూడా చెప్పకుండా నేను మూతి ముడుచుకుని కూర్చున్నాను. ఆమె చీకటి పడేదాకా అంటించింది.

మర్నాడు రైల్లో ఆ కట్ట చూసి సారు తిడతారనుకుంటే పగలబడి నవ్వారు. తోటివాళ్ళూ నవ్వారు. ఎవరమ్మా ఈ ఘనకార్యం చేసింది అని ఆయన అడిగితే, పక్కింటావిడ సార్ అన్నాను. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారే, మా అక్కకు చదువు రాదని ఆ వకీళ్ళ పిల్లల ముందు, డాక్టర్ల పిల్లల ముందు ఒప్పుకోలేకపోయాను. పోనీ దానివల్ల నాకేమైనా పెద్ద నష్టం జరిగిందా అంటే అదీ లేదు. అక్కడే కొత్త కార్డులు పొడిపించుకున్నాను, తర్వాతి ప్రయాణంలో నా ప్రోగ్రాము చక్కగా నడిచింది, విలువలు బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి, నాకు ఉద్యోగమూ వచ్చింది. ఆ జవాబుల కాగితం ఇంటికి తెచ్చి అమ్మకూ నాయనకూ చూపించాను. అక్క తొంగి కూడా చూడలేదు. ఆ తర్వాత ఆమె పెళ్ళయి భవాని పేట్‌కు వెళ్ళేదాకా నా పుస్తకాల గూటిని ఊడ్చేటప్పుడు సైతం చేత్తో తాకేది కాదు, చీపురు అంచుతో చుట్టూ ఊడ్చి వదిలేసేది.

నేను మాత్రం ఆ కథను వదలలేదు. లెక్కల్లో తప్పులు ఎలా పుట్టి ఎలా పెరుగుతాయో చెప్పే పాఠం రోజున పిల్లలు నిద్రపోకుండా ఉండటానికి అది భలే పనికొచ్చేది. ప్రతి ఏడూ కాస్త ఉప్పూకారం కలిపేదాన్ని. పక్కింటావిడకు నత్తి తగిలించాను. కంప్యూటరు కూడా చద్దర్లు నేస్తుందని నమ్మే వెర్రిబాగులదాన్ని చేశాను. మైదా సంగతి వస్తే చేతులు తిప్పి అభినయించేదాన్ని. దశాంశాల్లో చిన్న ముక్కను కొట్టేస్తే ఏమవుతుందిలే అనుకుని రౌండ్ ఆఫ్ చేస్తాం, తిరిగిన ప్రతి చుట్టులో అది పెరిగి చివరికి జవాబునే మింగేస్తుంది అని బోర్డు మీద రాసి మరీ చెప్పినదాన్ని, ఆ పక్కనే నిలబడి మా అక్కను రౌండ్ ఆఫ్ చేశాను.

రిటైరయ్యాక, ఒంటరి దానివి ఉద్యోగం చేసిన ఊళ్ళో ఏం చేస్తావని అక్కే పిలిచి తన ఇంటి మేడ మీద ఉంచుకుంది. నేను ముచ్చట్లు చెప్పిన ఆ రోజు కాలేజీ నుంచి ఆటోలో వస్తుంటే మనవరాలు ముందు డ్రైవరు పక్కన కూర్చుని ఫోన్లో మునిగిపోయింది. వెనక మేమిద్దరమే. నాకు మాత్రమే వినబడేట్టు అడిగింది అక్క.

“పక్కింటామె ఎందుకు కుడ్తదే చెల్లె? నీ అట్టలు జారిపోతె ఆమెకేం పోతది?”

కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ముసలిదాన్ని, ఆటోలో, నడివీధిలో. తప్పయిపోయింది అక్కా, రేపే పిల్లకు చెప్తాను, ఆ కాలేజీకి మళ్ళీ వెళ్ళి అందరి ముందూ చెప్తాను, అది నువ్వేనని, అన్నాను. ఆమె గాభరాగా ముందు సీటు వైపు చూసి నా చెయ్యి నొక్కింది.

“వద్దే, ఊకో. నేనని చెప్పకు. అంతమంది నవ్విన్రు, రేపు దాని దోస్తులు దాన్ని చూసి నవ్వుతరు.”

నేను సిగ్గుపడి దాచిన దాన్ని ఇప్పుడు ఆమె సిగ్గుపడి దాచుకుంటోంది. ఎంత ప్రేమగా చేసిన పని! దాన్ని చెప్పుకోవడానికి వీల్లేని పనిగా చేసి ఆమె చేతుల్లో పెట్టాను. తిరిగిన కొద్దీ దూరంగా పరుగెత్తే లెక్కలు ఉంటాయని మా సారు ఊరికే అనలేదు.

ఇప్పుడు అట్టలూ లేవు, దారాలూ లేవు. చద్దరు మీది నెమలి కంప్యూటర్లోంచి నేరుగా మగ్గానికి వెళ్తోంది, మనవరాలి ప్రోగ్రాములు ఎక్కడో గాలిలో ఉంటాయట, కింద పడటం వరస పోవడం దానికి తెలియనే తెలియదు. అవి పోయినందుకు నాకేమీ దిగులు లేదు. దిగులు ఇంకోదానికి. నా చిన్నప్పుడు మా గల్లీలో తెలుగు వారపత్రిక వస్తే అక్షరం వచ్చినవాళ్ళెవరో గడపలో కూర్చుని పైకి చదివేవారు, బీడీలు చుట్టేవాళ్ళూ అట్టలు కుట్టేవాళ్ళూ చేతులు ఆపకుండా వినేవారు. మున్సిపాలిటీ తెలుగు బడిలో చదువుకున్న మా తరంతో అది సరి. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, మనవరాలు మరాఠీ, ఇంగ్లీషు చదువుతుంది, తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అక్క నేర్చుకున్న నాలుగక్షరాలు ఏనాడో చెరిగిపోయాయి. ఆ పక్కింటావిడ మా అక్క అని ఇంత ధైర్యంగా ఇక్కడ రాయగలిగింది అందుకే, నాకు తెలుసు. దీన్ని ఆమెకు చదివి వినిపించగలిగిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది. కింద అక్క చాయ్ పెట్టి పిలుస్తోంది. ఈ కాగితాలు చేత్తో పట్టుకుని రెండుసార్లు మెట్లు దిగాను, రెండుసార్లూ చాయ్ తాగి పైకొచ్చేశాను.