సుగుణ వదిన, మోతీ దొడ్డి

నిన్న పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది. సుగుణ వదిన తమ్ముడి కొడుకు.

"అత్తా, సుగుణత్త లేస్తలేదు" అన్నాడు.

లేస్తలేదంటే ఏమిట్రా అని అడిగాను. వాడు ఏడ్చాడు.

 మొన్న ఆదివారమే వీడియో కాల్‌లో మాట్లాడింది. పళ్ళు లేని నోటితో నవ్వింది.

నాలాంటి ఎనభై నాలుగేళ్ళ మనిషి ఫేస్‌బుక్‌లో ఇంత పెద్ద పోస్ట్ పెడితే ఎవరు చదువుతారో తెలియదు. నేను చెప్తుంటే మనవరాలు టైప్ చేస్తోంది. మనవాళ్ళలో చిన్నవాళ్ళకు ఆమె ఒట్టి ఆసిఫాబాద్ అమ్మమ్మ. అందుకే చెప్తున్నాను.

మా అన్న ఆసిఫాబాద్‌లో గిర్దావరు. పొలాల హద్దులు, పంటలు చూడటానికి గుర్రం మీద ఊరూరూ తిరిగే ఉద్యోగం. ఆ గుర్రం పేరు మోతీ. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రెండు మూడేళ్ళయింది అప్పటికి. అన్నకు పెళ్ళయి ఏడాది. వదినకు ఇరవై, నాకు పద్దెనిమిది.

ఆ వానకాలం అన్న పెద్దవాగు అవతలికి వెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం మోతీ ఒక్కతే వచ్చింది. జీను పొట్ట కిందికి జారి వేలాడుతోంది.

వాగు వెంట నాలుగు రోజులు వెతికారు. అన్న దొరకలేదు.

మేం బాపు అని పిలిచే మా నాన్న మోతీని ఇంటి వెనక దొడ్డిలో పెట్టించాడు. చుట్టూ నిలువెత్తు మట్టిగోడ, తలుపుగా ఒక వెదురు తడక. ఒక మూల మేత, ఒక మూల నీళ్ళు. అంతే. వదిన నెల రోజులు గదిలోంచి బయటికి రాలేదు.

మోతీ తల ఊపడం మొదలుపెట్టింది.

తడక ముందు నిలబడి ఎడమకు, కుడికి. ఎడమకు, కుడికి. పొద్దంతా. దాని కాళ్ళ కింద నేల గుంట పడింది. ఊపనప్పుడు తడక గుంజను కొరికేది. ఆ చప్పుడు వంటింట్లోకి వినిపించేది. నేను కంచం వదిలి లేచిపోయేదాన్ని.

"గా గుర్రం మీద మీ పిలగాడు ఇంకా కూసునే ఉన్నడు" అన్నారు చుట్టుపక్కలవాళ్ళు. సంతకు తోలుకుపోతే ఒక్కరూ బేరం అడగలేదు.

ఇప్పుడు చెప్పబోయేది మా పిల్లలకు కూడా తెలియదు.

ఒక మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తున్నప్పుడు నేను తడక తాడు విప్పేశాను. పోతే పోనీ, అడవిలో పులికి దొరికితే దొరకనీ అనుకున్నాను.

మోతీ అడవికి పోలేదు. సూటిగా వాగుకు పోయింది.

డెక్కల చప్పుడు విని వదిన ఉరికింది. ఆమె వెనక నేను. మోతీ మెడలోతు నీళ్ళలో ఉంది. ముందుకు పోదు, వెనక్కి రాదు. వదిన చీరతోనే దిగింది. జూలు పట్టుకుని దాని చెవిలో ఏదో చెప్తూనే ఉంది. ఎంతోసేపటికి ఇద్దరూ ఒడ్డుకు వచ్చారు. ఇద్దరూ వణుకుతున్నారు.

ఆ సాయంత్రం బాపు అన్నాడు, "రేపు తుపాకి తెప్పిస్త బిడ్డా. దాని గోస, మన గోస రెండూ తీర్తయి."

మామగారి ముందు వదిన నోరు విప్పడం అదే మొదటిసారి.

"ఒక్క నెల ఆగుండ్రి మామా. దానికి పిచ్చి లేదు. పొద్దంతా గోడ తప్ప ఇంకేం కనవడ్తలేదు. నాకు గూడ గంతే."

బాపు ఏమీ అనలేదు. మా ఇంట్లో అది ఒప్పుకోవడమే.

మర్నాడు వదిన గడ్డపార పట్టుకుంది. బజారు వైపు గోడను నడుమెత్తుకు దించింది, మోతీకి ఎడ్లబండ్లూ మనుషులూ కనిపించాలని. మేత ఒక్కచోట కుప్ప పోయడం మానేసి ఐదారు చోట్ల పెట్టింది. పొర్లడానికి తట్టలతో ఇసుక మోసి పోసింది. దాటుకుంటూ నడవాలని దుంగలు అడ్డం వేసింది. వేపకొమ్మకు గోనెసంచి కట్టి జొన్నసొప్ప కుక్కింది. తోడుకు ఒక మేకను తెచ్చి వదిలింది. రోజూ ఏదో ఒకటి మార్చేది. నిన్నటి దుంగ ఇవ్వాళ అక్కడ ఉండేది కాదు.

మూడో రోజు నా చేతిలో ఒక తట్ట పెట్టింది. ఎండిన ఇప్పపువ్వు.

"గా రాళ్ళ కింద దాచిపెట్టు కమలా. ఎతుక్కొని తింటది."

నేను కదల్లేదు. మోతీ దగ్గరికి పోవాలంటే నాకు భయం.

"తాడు నువ్వే ఇప్పినవని నాకెర్కనే" అంది నెమ్మదిగా. "నేను గూడ రెండుసార్లు తాడు మీద చెయ్యి పెట్టి వాపస్ వచ్చిన. జర దాచిపెట్టు."

దాచిపెట్టాను.

మోతీ వచ్చి ముక్కుతో ఒక రాయిని దొర్లించింది. పువ్వు తిన్నది. ఇంకో రాయి దగ్గరికి పోయింది. ఆ పూట తల ఊపలేదు.

వదిన దుంగ మీద కూర్చుని, అన్న పోయాక మొదటిసారి ఏడ్చింది.

నెల గడిచింది. బాపు తుపాకి మాట ఎత్తలేదు. ఒకరోజు ఆయనే వంగి రాళ్ళ కింద పువ్వు పెడుతుంటే చూశాను.

పూర్తిగా నయమైందని అబద్ధం చెప్పను. వాగు పొంగి హోరు వినిపించిన రోజు, మోతీ మేకనూ మేతనూ వదిలేసి తడక దగ్గరికి పోయి ఊపేది. వదిన పోయి పక్కన నిలబడేది. ఇద్దరూ వాగు వైపే చూసేవాళ్ళు. 

మోతీ ఇంకా ఎనిమిదేళ్ళు బతికింది. వదిన బాలవాడీ టీచరైంది. మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు.

అన్న శవం దొరకలేదు కనుక కర్మ జరగలేదు. వదిన బొట్టు తీయలేదు. దాని మీద ఊరు ఎన్ని మాటలు అన్నదో. 

నిన్న నేను కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ చేరేసరికి మధ్యాహ్నమైంది. స్నానం చేయించిన ఆడవాళ్ళు కుంకుమ భరిణె పట్టుకుని ఆగిపోయి ఉన్నారు. వాళ్ళలో పెద్దామె నన్ను అడిగింది.

"ఏం జెయ్యాలె కమలమ్మా? మీ అన్న ఉన్నట్టా, లేనట్టా?"

అరవై ఏళ్ళకు పైగా మా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అడగలేదు.

 భరిణె తీసుకుని నా వేలితోనే బొట్టు పెట్టాను. నుదురు చల్లగా ఉంది.

పోయిరా వదినా.
ఇక ఎవరి కోసమూ ఎదురుచూడకు. హాయిగా నిద్రపో.