పదిహేను వేల గీతల మానిటరు

2003 వేసవిలో నేను గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ల కంపెనీకి సీనియర్ సర్వీస్ ఇంజనీరుని. బెంజ్ సర్కిల్ దగ్గర వీడియో గేమ్స్ పార్లర్ నడిపే సుశీలగారి పని నాకు అప్పగించారు. ఆవిడ నాలుగు గేమ్ మిషన్లలోనూ బోర్డులు పాడయ్యాయి, కొత్తవి దొరకడం లేదు. వాటి బదులు లైనక్స్ అనే సిస్టంతో నడిచే కంప్యూటర్లు పెట్టి, పాత ఆటలను అచ్చంగా అనుకరించే ప్రోగ్రాము నడపాలి. పాత పిక్చర్ ట్యూబు మానిటర్లు మాత్రం మార్చకూడదు. "ఆ బొమ్మ కోసమే వస్తారండీ జనం" అన్నారావిడ.

చిక్కంతా అక్కడే. ఆ మానిటరు సెకనుకి సుమారు పదిహేను వేల గీతలు గీస్తుంది. మామూలు కంప్యూటరు ముప్పై ఒక్క వేలు పంపుతుంది. అది తట్టుకోలేక మానిటరు లోపలి ట్రాన్సిస్టరు కాలిపోవచ్చు. అందుకని గీతల లెక్క, వేగం కట్టి, మోడ్‌లైన్ అనే అంకెల వరుసను, బొమ్మను మానిటరుకి పంపే వీడియో డ్రైవరు ప్రోగ్రాము ఫైల్లో రాయాలి. డ్రైవరు అంత తక్కువ వేగానికి ఒప్పుకోలేదు. ఒక్కో గీతలో చుక్కలు రెట్టింపు చేసి ఒప్పించేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

పదో రోజు పార్లర్‌లో మొదటి మానిటరుకి కంప్యూటరు కలిపాను. ఆ మానిటర్లు బాగుచేసే వన్ టౌన్ టీవీ మెకానిక్ నాగూర్‌గారు వచ్చారు. "ఆన్ చేయగానే ఏం పంపిస్తుందండీ మీ కంప్యూటరు?" అని అడిగారు. ఇది సాఫ్ట్‌వేరు వ్యవహారమని, అంతా ఫైల్లో రాసే ఉందని కాస్త బిగువుగానే చెప్పాను. స్విచ్చి వేశాను. మానిటరు సన్నగా కీచుమంది, ఆ వెంటనే కాలిన వాసన వచ్చింది.

నా ఫైలు లైనక్స్ లేచాక గానీ పనిచేయదు. అంతదాకా కంప్యూటరు తన అలవాటు ప్రకారం ముప్పై ఒక్క వేలే పంపింది. ఆ కాసేపటి సంగతి నేను ఆలోచించనే లేదు. సుశీలగారు వచ్చి చూసి, "అయితే మూడే మిగిలాయన్నమాట" అన్నారు. తిట్టినా బాగుండేది.

నాగూర్‌గారు రెండు రోజుల్లో ట్రాన్సిస్టరు మార్చి తెచ్చారు. "మానిటరుకి వేరే స్విచ్చి పెడదామండీ. మీ కంప్యూటరు సర్దుకున్నాక వేద్దాం" అన్నారు. సర్దుకున్నట్టు తెలియడానికి కంప్యూటరు మూడుసార్లు బీప్ కొట్టేలా నేను ఒక లైను రాశాను. ఈసారి బొమ్మ నిలిచింది. సుశీలగారు తేరిపార చూశారు.

"పాతదానిలాగే ఉందండీ. మరి ఇన్నాళ్లూ ఏం చేశారు?"

పాతదానిలా ఉండటమే నేను చేసిన పని.

మా మేనేజరుగారు హెడ్డాఫీసుకి పంపిన రిపోర్టులో నా మోడ్‌లైనుకి రెండు పేజీలు, స్విచ్చికి 'ఇతర సామగ్రి' కింద ఒక ముక్క దక్కాయి. మరుసటి నెలలో నన్ను డ్రైవర్ల నిపుణుణ్ణి చేశారు. బయటి మెకానిక్ పేరు రాసే గడి ఆ రిపోర్టు ఫారంలో లేదు. ఇంజనీరుగా నేను కింద సంతకం పెట్టేముందే అది గమనించాను, అయినా పెట్టాను.

ఆ తర్వాత ఏ పని ఒప్పుకున్నా, నా ప్రోగ్రాము లేవకముందు యంత్రం ఏం చేస్తుందో ముందుగా రాసుకునేవాణ్ణి. అది నాగూర్‌గారు నేర్పింది. ఫారంలో గడి లేకపోయినా మార్జిన్లో పేరు రాయొచ్చన్నది మాత్రం నాకు నేనే, చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను.