బురుజు దగ్గర సైకిల్ దిగడం

ఇది రెండేళ్ళ కిందటే రాయాల్సిన సంగతి. రాయకపోవడానికి కారణం, అప్పటికి నాకు అక్షరాలు పూర్తిగా రాకపోవడం. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను వంట చేసే లేడీస్ హాస్టల్‌లో గ్రూప్స్‌కు చదివే అమ్మాయిలు నా యాభై ఒకటో ఏట నాకు చదువు మొదలుపెట్టారు. పప్పు ఉడికేలోపు రోజుకు రెండక్షరాలు. వంటింటి బండ మీద గోధుమపిండి చల్లి వేలితో రాసి చూపేవారు, నేను దిద్దేదాన్ని, తర్వాత ఆ పిండి మీదే చపాతీలు ఒత్తేదాన్ని. ఆ ఏడాది హాస్టల్ అంతా నా అక్షరాలు తిని బతికింది. అక్షరాలు వచ్చాక కూడా చాలా రోజులు కూరగాయల చీటీలు తప్ప ఏమీ రాయలేదు. సొంత సంగతి రాయాలంటే సిగ్గు. ఈ సంగతి రాయాలంటే మరీ సిగ్గు, ఇందులో తప్పు నాదే కాబట్టి.

సైకిల్ కూడా ఆ హాస్టల్ చలవే. ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ ఒక అమ్మాయి తన లేడీస్ సైకిల్ నాకు వదిలేసింది. మా ఇల్లు ఎల్‌బీ నగర్ అవతల. పొద్దున ఆరున్నరకు నేను పొయ్యి వెలిగించాలి. ఆ వేళప్పుడు షేర్ ఆటో నలుగురు ఎక్కేదాకా కదలదు. అందుకని సైకిల్ నేర్చుకున్నాను. నేర్పింది మా ఆయన. ఆయన తాపీ మేస్త్రి. వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తుతూ, "హ్యాండిల్ చూడకు, ముందట చూడు, గోడ నిటారుగున్నదా అని ప్లంబు చూసినట్టు చూడు" అని అరిచేవాడు.

నేర్చుకున్నది ఎల్‌బీ నగర్ వెనకవైపు కాలనీలో ఉన్న పార్కులో. ఒకప్పుడు అక్కడ ఒక ఊరు, ఊరి చుట్టూ రాతి కోట, నాలుగు మూలల్లో నాలుగు బురుజులు ఉండేవట. ఊరు కాలనీ అయ్యాక మూడు బురుజులు అపార్ట్‌మెంట్ల కిందకు పోయాయి. నాలుగోదీ, దాన్ని అంటుకుని ఇరవై అడుగుల కోటగోడా మిగిలాయి. చుట్టూ గడ్డి పెంచి, బెంచీలు వేసి, కసరత్తు సామాన్లు బిగించి పార్కు చేశారు. తుపాకులు పెట్టడానికి పైన వదిలిన కంతల్లో ఇప్పుడు చిలకలు కాపురం ఉంటున్నాయి. ఒక గేటు నుంచి ఇంకో గేటుకు బురుజును చుట్టుకుంటూ సిమెంటు బాట ఉంది. పొద్దున ఏడు దాకా, మళ్ళీ సాయంత్రం ఏడు తర్వాత సైకిళ్ళను పోనిస్తారు. ఆ బాట లేకపోతే నేను ఎల్‌బీ నగర్ చౌరస్తా మీదుగా పోవాలి. విజయవాడ బస్సులు, ఇసుక లారీలు. ఒకే ఒక్కసారి పోయాను. సగం దూరం దిగి సైకిల్‌ను నడిపించుకుంటూ హాస్టల్‌కు చేరాను. బాట ఉంటేనే నాకు సైకిల్ ఉన్నట్టు.

తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను. నల్గొండ జిల్లాలో మా ఊళ్ళో దొర గడి, అంటే కోటలాంటి పెద్ద బంగళా, ఉండేది. దాని బురుజు ముందు నుంచి పోయేవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని పోవాలి, సైకిల్ ఉంటే దిగి నడిపించాలి. నాకు బుద్ధి తెలిసేసరికే దొర పట్నం పోయాడు. గడిలో గబ్బిలాలు తప్ప ఎవరూ లేరు. అయినా మా నాన్న దిగేవాడు. క్యారియర్ మీద కూర్చున్న నన్నూ దించేవాడు. "ఎవ్వరు లేరు గద నాయిన" అంటే, "లేకుంటేంది, దిగితే మన సొమ్మేం బోయింది" అనేవాడు.

పార్కులో మొదటిసారి ఒంటరిగా తొక్కిన రోజు, కోటగోడ దగ్గరకు రాగానే నా కాలు దానంతట అదే కిందికి దిగింది. చెప్పులు విప్పి హ్యాండిల్‌కు తగిలించాను. తల వంచుకుని గోడ పొడవునా నడిచి, అవతల చెప్పులు వేసుకుని మళ్ళీ ఎక్కాను. ఎందుకు చేశానని ఆలోచించలేదు. మర్నాడూ అదే చేశాను. ఏడాది పాటు అలాగే చేశాను.

ఆ పార్కుకు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ దంపతులు రోజూ నడకకు వస్తారు. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు, వాకర్స్ సంఘానికి అధ్యక్షుడు. ఒకరోజు ఆయన భార్య నన్ను ఆపి, "ఏమ్మా, ఇక్కడ ఏ అమ్మవారు?" అని అడిగింది.

"నాకు ఎర్కలేదమ్మా" అన్నాను.

ఆవిడ భర్త వైపు తిరిగి, "పేరు బయటికి చెప్పకూడదు కాబోలండి" అంది.

ఆ మంగళవారం గోడ రాయి మీద కుంకుమ బొట్టు కనిపించింది. పై వారం పసుపు, నిమ్మకాయలు. నెల తిరిగేసరికి అగరొత్తులు గుచ్చడానికి సగం అరటిపండు. జనం ప్రదక్షిణాలు మొదలుపెట్టారు. నేను నోరు విప్పాల్సింది. కానీ ఏమని చెప్పను? ఎప్పుడో పోయిన దొరకు నా కాళ్ళు ఇంకా భయపడుతున్నాయని చెప్పాలా?

సంగతి దిల్‌సుఖ్‌నగర్ దాకా పాకింది. నాకు అక్షరాలు నేర్పిన అమ్మాయే ఒకరోజు వంటింట్లోకి వచ్చి, "ఆంటీ, ఎల్లుండి ప్రిలిమ్స్. బురుజమ్మకు ఎన్ని చుట్లు తిరగాలె?" అని అడిగింది.

"ఎవలు చెప్పిన్రే నీకు బురుజమ్మ అని?"

"మా కోచింగ్ సెంటర్ మొత్తానికి తెలుసు. పదకొండు తిరిగితే కటాఫ్ దాటుతదంట."

"ఆ తిరిగే టైంల ఒక పాఠం చదువుకోరాదు బిడ్డా."

"చదువుకుంటనే తిరుగుతా ఆంటీ."

ఒక శుక్రవారం బ్యాంకు సారు నన్ను ఆపి సంతోషంగా చెప్పారు. "అమ్మా, మీ భక్తి వల్లే ఈ స్థలం మహిమ మాకు తెలిసింది. గోడ ముందు అరుగు కట్టి, చుట్టూ గ్రిల్లు వేద్దాం అనుకుంటున్నాం. ఆదివారం అందరం కూర్చుని ఖాయం చేస్తాం. బాట మూసేయాల్సొస్తుంది, అమ్మవారి ముందు సైకిళ్ళు తిరగడం బాగుండదు కదండీ. మీ ఆయన మేస్త్రి అట కదా, పని ఆయనకే ఇస్తాం."

ఆ సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన మొదట గట్టిగా నవ్వాడు. తర్వాత అడిగాడు, "గడి అంటే నీకు గింత భయమున్నదా? నాకెన్నడు చెప్పలే."

"నాకే ఎర్కలేదు. సైకిల్ ఎక్కినంకనే తెల్సింది."

"మరి ఆదివారం పోయి చెప్పు."

"నవ్వుతరు."

"నవ్వితే నవ్వనీ. లారీ కింద పడుడు కన్న నవ్వులపాలయ్యుడు నయం."

"నీ పని పోతది మరి."

"పోనీ. డంగుసున్నంతోని కట్టిన గోడ అది. దానికి సిమెంటు పూయాలంటే నాకే చెయ్యి రాదు."

ఆదివారం పొద్దున పార్కులో పాతిక మంది చేరారు. సారు తీర్మానం రాసిన కాగితం చదవడం అయ్యాక లేచి నిలబడ్డాను. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. గడి, చెప్పులు, మా నాన్న, క్యారియర్, అన్నీ. "ఇక్కడ అమ్మవారు ఉన్నదో లేదో నాకు తెల్వదు. నేను దిగింది మాత్రం అమ్మవారికి కాదు, భయానికి. నన్ను చూసి మీరందరు మోసపోయిన్రు, తప్పయింది. బాట మాత్రం మూయకుండ్రి, నాకు ఇంకో తొవ్వ లేదు."

ముందుగా నోరు విప్పింది సారు భార్య.

"మరి నా మోకాళ్ళ నొప్పి ఎలా తగ్గిందండీ?"

"రోజుకి ఇరవై ఒక్కసార్లు బురుజు చుట్టూ తిరిగావు. డాక్టరు ఐదేళ్ళ నుంచి మొత్తుకుంటోంది అదేగా" అన్నారు సారు.

అప్పుడు మొదలైంది నవ్వు. కానీ అది నా మీద నవ్వు కాదు. ఒకాయన తను మొక్కిన మొక్కు చెప్పాడు, ఇంకొకావిడ తను తెచ్చిన చీర సంగతి చెప్పింది. వెనక పైపు పట్టుకుని చెట్లకు నీళ్ళు పెడుతున్న మాలి, దేవరకొండ వైపు ముసలాయన, నీళ్ళు పారుతుండగానే అన్నాడు: "మా నాయిన గూడ దిగెటోడు. నేను గూడ దిగిన." ఆ మాటతో నవ్వు కొంచెం తగ్గింది.

సారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "బాట ఉంటుందమ్మా. గ్రిల్లు లేదు, ఏమీ లేదు."

"పెట్టిన బొట్టు మాత్రం నేను తుడవను. ఎవరికి తెలుసు?" అంది ఆయన భార్య.

"తుడవొద్దమ్మా, ఉండనీ" అన్నాను.

"అయితే ఒక షరతు. రేపు మీరు దిగకుండా వెళ్ళాలి. మేం చూస్తాం" అన్నారు సారు.

సరే, ప్రయత్నించి చూస్తానని ఇంటికొచ్చాను. ఊరికే మాట ఇచ్చినంత సులువు కాదని నాకు తెలుసు. చెప్పడం నోటితో పని, ఇది కాళ్ళతో పని.

మర్నాడు పొద్దున ఐదు ముప్పావుకే పార్కు గేటు దాటాను. సారు, ఆయన భార్య, ఇంకో నలుగురు నన్ను చూడనట్టు నడుస్తున్నారు. కోటగోడ దగ్గర పడింది. చెయ్యి బ్రేకు మీదకు పోయింది. కుడి కాలు పెడల్ వదిలింది. ముందట చూడు అని నాకు నేనే చెప్పుకుని, పెడల్‌ను మళ్ళీ తొక్కాను. సైకిల్ అటూ ఇటూ ఊగింది, ఒక చెప్పు జారి సరిగ్గా గోడ ముందే పడింది. దిగలేదు. ఒంటి చెప్పుతో బురుజును చుట్టి రెండోసారి వచ్చేసరికి మాలి ఆ చెప్పును బాట పక్కన పెట్టి నిలబడ్డాడు. నేను సీటు మీదే ఉండి, కాలు నేలకు ఆనించి, గోడకు ఎదురుగా చెప్పు తొడుక్కున్నాను. తర్వాత బెల్లు కొట్టి అవతలి గేటు వైపు తొక్కుకుంటూ పోయాను. హాస్టల్‌లో ఆరున్నరకు పొయ్యి వెలిగించాలి, ఉప్మాకు ఉల్లిపాయలు ఇంకా తరగలేదు.