బసవరాజు పక్షపాతాల రిపోర్టు

బసవరాజుకి ఒకటే జబ్బు. ఒకసారి తన జట్టులోకి తీసుకున్న మనిషిని చచ్చినా తీసెయ్యడు. ఆ మనిషి ఆడకపోయినా సరే, నడవలేకపోయినా సరే. ఇలాంటివాడితో కలిసి మూడేళ్ళు ఫాంటసీ హాకీ జట్టు నడిపినవాణ్ణి నేను. నా మీద జాలిపడండి.

తెలియనివాళ్ళకి చెబుతాను. నిజం ఆటగాళ్ళలోంచి పదకొండు మందిని ఫోన్లో ఏరుకుంటాం. వాళ్ళు మైదానంలో బాగా ఆడితే మనకి పాయింట్లు. ఆడనివాడికి సున్నా. నాచారంలోని మా బేరింగుల ఫ్యాక్టరీలో ఒక్కో జట్టుకి ఇద్దరు మేనేజర్లు. సీజన్ ఆఖర్న అట్టడుగున మిగిలిన జంట గోల్‌కీపర్ ప్యాడ్లు, హెల్మెట్టు తగిలించుకుని క్యాంటీన్లో అందరికీ మిర్చి బజ్జీలు వడ్డించాలి. మేం వరసగా రెండేళ్ళు వడ్డించాం. ఈసారన్నా ఆ హెల్మెట్టు తప్పించుకోవాలని నా తపన. పోనీ జంట విడిపోదామన్నా ఒప్పుకోడు. తీసుకున్నవాణ్ణి వదలడు కదా!

పోనీ అమాయకుడా అంటే, అదీ కాదు. మా ఇన్‌స్పెక్షన్ సెక్షన్‌కి ఇన్‌చార్జి. గేజీలో వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కని ఎర్ర డబ్బాలో పడేస్తాడు. మిషన్లవాళ్ళు కాళ్ళావేళ్ళా పడ్డా వినడు. ఆ కర్కశత్వంలో వీసమెత్తు హాకీ జట్టు మీద చూపిస్తే మేం ఎప్పుడో పైకొచ్చేవాళ్ళం.

"తమ్మీ, మనం ఓడేది ఆటగాళ్ళతోని కాదు. మన బుర్రల ఉన్న పక్షపాతంతోని," అన్నాడు ఈ సీజన్ మొదట్లో. ఎక్కడ చదివాడో ఏమో, రిజెక్షన్ రిపోర్టు ఫారాలు ఒక కట్ట తెచ్చి సొంత పక్షపాతాలు రాయడం మొదలెట్టాడు.

"లోపం: పనికిరాని ఫార్వర్డును ఎంచుకొనుట. కారణం: అతని మీసము మా మేనమామ మీసమును పోలియుండుట. దిద్దుబాటు: మీసము చూడరాదు."

"లోపం: మంచి గోల్‌కీపరును వదులుట. కారణం: బోడుప్పల్‌లో మా ఇంటి ఓనరుది కూడ అదే పేరు. దిద్దుబాటు: పేరు చదవక పాయింట్లు మాత్రమే చదువవలెను."

ఫారం కింద ఇద్దరు ఇన్‌స్పెక్టర్ల సంతకాలుండాలి. ఒకటి బసవరాజుది, రెండోది నాది. ఇలాంటివాటి మీద పద్దెనిమిది సంతకాలు పెట్టాను. అసలు జబ్బు మాత్రం ఏ ఫారంలోనూ లేదు.

ఆ జబ్బుకి ఈ ఏటి పేరు బిర్సా మింజ్. డిఫెండర్. రెండో మ్యాచ్‌లోనే మోకాలు మెలితిరిగింది. ఇక సీజన్ మొత్తం ఆడడన్నారు. మిగతా జట్లవాళ్ళు గంటలో తీసేశారు.

"బసవన్నా, మింజ్‌ని తీసేద్దాం."

"దెబ్బ తగిలింది గద తమ్మీ."

"అందుకేగా తియ్యమంటున్నది!"

"దెబ్బ తగిలినోన్ని తీసేస్తే గదేం మేనేజిమెంటు?"

"మనమెవరో కూడా ఆయనకి తెలీదు!"

"ఆయనెవరో మనకు తెలుసు గద."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. పైగా రోజూ పొద్దున్నే సొంత బావమరిదికి దెబ్బ తగిలినట్టు వార్తలు మోసుకొచ్చేవాడు. "ఇయ్యాల మింజ్ మోకాలి కసరత్తుకు నీళ్ళల్ల నడిచిండట!" మేం మాత్రం పదిమందితో ఆడుతూ పాతాళంలో ఉన్నాం.

చివరికి నన్ను నేనే ఉదాహరణగా చెప్పాను. నిరుడు బండి మీంచి పడి కాలు విరిగి నాలుగు నెలలు మేడిపల్లిలో మంచాన ఉన్నాను. నాది కాంట్రాక్టు ఉద్యోగం. అయినా తిరిగొచ్చేసరికి నా కుర్చీ నాకే ఉంది. "పనిమంతుణ్ణి కంపెనీ వదులుకోదు బసవన్నా. పనికొచ్చేవాడికే చోటు. నన్ను చూసి నేర్చుకోండి," అన్నాను. అతను నవ్వుతూ గేజీ తుడుచుకున్నాడు.

ఆఖరి శనివారం వచ్చింది. మాకూ పై జంటకీ నాలుగే పాయింట్ల తేడా. మింజ్‌ని తీసి ఆడేవాణ్ణి పెడితే గండం గట్టెక్కుతాం. మార్పులకి గడువు మధ్యాహ్నం రెండింటిదాకా. బసవరాజు ఫ్యాక్టరీ మేనేజర్ గదిలో ఉన్నాడు. గేటు ముందు టీ కొట్టు దగ్గర ఫోను తీశాను.

"ఏం జేస్తున్నవ్ భాస్కరన్నా?" అంటూ ఉమ వచ్చింది. ఆఫీసులో హాజరు లిస్టులు చూసేదీ, మా లీగు కార్యదర్శీ తనే.

"మింజ్‌ని పీకేస్తున్నా. ఆ పిచ్చిమారాజుకి చెప్పకు."

"నిరుడు నిన్ను గూడ గిట్లనే పీకెయ్యమన్నరు."

"నన్నా?"

"నెల నెలా లిస్టు నేనే జేస్త గద. 'పనికి రానోని పేరెందుకు, కొత్తోన్ని తీస్కో' అన్నడు మేనేజర్ సారు. 'ఆయన వాటా ముక్కలు గూడ నేనే సూస్త, పేరు మాత్రం కొట్టెయ్యకున్రి' అన్నడు బసవన్న. నాలుగు నెల్లు రోజూ రెండు గంటలు ముందుగాల వచ్చి నీ డబ్బాలు సూసిండు. నీకు చెప్పొద్దన్నడు."

"మరి పనిమంతుణ్ణని కంపెనీయే నన్ను..."

"గది నువ్వంటున్నవ్ అన్నా. కంపెనీ ఎన్నడన్లే."

సిగ్గుతో చచ్చిపోయాను. పద్దెనిమిది ఫారాల మీద ఒకడి పక్షపాతాలకి సంతకాలు పెట్టినవాణ్ణి, నా మీద నాకున్న పక్షపాతాన్ని మాత్రం కనిపెట్టలేకపోయాను. రెండయింది. ఫోను జేబులో పెట్టుకున్నాను.

అనుకున్నట్టే అట్టడుగున నిలిచాం. సోమవారం క్యాంటీన్లో ప్యాడ్లు కట్టుకుని బజ్జీలు వడ్డించాం. బసవరాజు మాడిన బజ్జీలన్నీ ఏరి పక్కన పడేస్తున్నాడు, అక్కడా ఇన్‌స్పెక్షనే!

"మింజ్ నిన్నటి సంది ఉరుకుతుండట తమ్మీ," అంటూ ప్యాడ్ సందులోంచి మడతపెట్టిన ఫారం తీసిచ్చాడు. పందొమ్మిదోది.

"లోపం: మింజ్‌ను తీయకపోవుట. కారణం: పక్షపాతము. దిద్దుబాటు: చేయబడదు."

రెండో సంతకం చోటు ఖాళీగా ఉంది. హెల్మెట్టు ఊచల్లోంచి అక్షరాలు సరిగా కనబడలేదు గానీ, నూనె చేత్తోనే పెట్టేశాను.